తాళంచెవి సారు కడుపు కొలత

బజారంతా ఆయన్ని తాళంచెవి సారు అంటుంది. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. ఎవరెన్ని గుట్లు దాచినా ఈయన దగ్గర తాళంచెవి ఉంటుందని భయపడి పెట్టుకున్న పేరని ఆయన నమ్మకం. తనను తాను పొగుడుకోవాలని కూర్చున్నవాడికి తిట్టు కూడా బిరుదులాగే వినిపిస్తుంది.

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. మేకుల కొట్టు, పిండిమర, బంగారం దుకాణం, చేపల అంగడి, ఎక్కడ కాటా ఉంటే అక్కడ ప్రత్యక్షమవుతాడు. చేతిలో ఒక చెక్కపెట్టె. లోపల ఆకుపచ్చ మఖమలు గుడ్డలో గుంటలు, గుంటల్లో ఇత్తడి తూకంరాళ్ళు, పెద్దదాని నుంచి గోరంత దాని వరకు వరసగా పడుకుని ఉంటాయి. వాటిని వట్టి చేత్తో ముట్టడు. చెమట అంటితే బరువు మారుతుందట. మెత్తటి బట్టతో పట్టి తీసి, కాటా మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు తలెత్తి కొట్టువాడి మొహంలోకి చూస్తాడు. జీతం లేకపోయినా ఆ ఒక్క చూపు కోసం ఆయన ఈ ఉద్యోగం చేసేవాడే.

"ఇంచుమించు సరిపోయింది కదండీ సార్" అని కొట్టువాడు నసిగితే, ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఇంచుమించు అనేది కొలత కాదు. ఎప్పట్నించి తక్కువ తూస్తున్నావో నీ చేత్తో రాసి సంతకం పెట్టు."

ఎవరి దగ్గరా టీ చుక్క కూడా తాగడు. బజారు మొదట్లో దాన్ని నిజాయితీ అనుకుంది. అసలు సంగతేమిటంటే, టీ తాగితే పావుగంటలో ఆయన కడుపు మెలిపెడుతుంది. టీ తాగకపోయినా మెలిపెడుతుంది గానీ, తాగితే పరుగెత్తాలి.

తాళంచెవి కథ కూడా అక్కడిదే. తనిఖీ సగంలో ఉండగా ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. చేతిలో రాయి చేతిలోనే ఆగిపోతుంది. "వెనకవైపు గోదాం చూడాలి, తాళంచెవి ఇవ్వు" అంటాడు. పెరట్లో గోదాం ఉండదు, బాత్రూము ఉంటుంది. రేకుముక్క కట్టి మేకుకు తగిలించిన ఆ తాళంచెవిని కొట్టువాడు మారుమాటాడకుండా అందిస్తాడు. ఇరవై నిమిషాల తరవాత సారు మొహం కడుక్కుని వచ్చి, ఏమీ ఎరగనట్టు మిగతా రాళ్ళు పెడతాడు. బాత్రూము లేని కొట్టులో ఆయన ఐదు నిమిషాలు మించి నిలబడడు. అందుకే బాత్రూములున్న కొట్లలోనే మోసాలు ఎక్కువని ఏటా ఆయన నివేదికలో తేలేది. పై అధికారులకు ఇది ఎప్పటికీ అంతుపట్టలేదు. పిండిమర యజమానికి మాత్రం పట్టింది. పెరటి తలుపుకు "పాడైంది" అని అట్టముక్క తగిలించాడు. ఆరేళ్ళుగా అతని కాటా జోలికి ఎవరూ రాలేదు.

ఈ కడుపు బాధ ఆయనకు ఉద్యోగంలో చేరిన ఐదో ఏట మొదలైంది. అంతకు ఆరు నెలల ముందు శాఖ శిక్షణలో ఒక తోటి ఉద్యోగి పరీక్ష మధ్యలో కడుపు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. గదిలో అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా ఈయన నవ్వాడు. ఆ మనిషికి అప్పటికప్పుడు ఒక పేరు కూడా పెట్టాడు, ఇక్కడ రాయదగింది కాదు. తరవాత అదే బాధ తన కడుపులోకి వచ్చి కూర్చుంది. ఇక నోరెలా విప్పుతాడు? డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం పుడుతుంది, కాగితం పుడితే నలుగురికీ తెలుస్తుంది. పైన పటారం లోన లొటారం అన్న బతుకుకి ఆనాడే సంతకం పెట్టేశాడు.

ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము. పొద్దున ఐదున్నరకి పేపరు చంకలో పెట్టుకుని అందులోకి వెళ్తే ఆరున్నరకి గానీ బయటికి రాడు. ఎవరైనా తలుపు తడితే లోపల్నించి ఒకే మాట.

"పేపరు చదువుతున్నాను."

తలుపు తట్టేది భార్య. ఆవిడ బళ్ళో లెక్కల పంతులమ్మ. పెళ్ళయిన మరుసటేడు ఆవిడకు విరేచనాలు పట్టుకుని పదిరోజులు మంచమెక్కించాయి. విరేచనాలు పోయాయి, నొప్పి పోలేదు. ఇరవై ఒక్క ఏళ్ళయింది. తిన్నా నొప్పే, మానేసినా నొప్పే. పొద్దున్న పూట మరీ ఎక్కువ. తలుపు బయట, గోడకి చెయ్యి ఆనించి, పెదవి కొరుక్కుంటూ గంటసేపు నిలబడేది. లోపల మొగుడుగారు ప్రపంచ వార్తలు చదువుతున్నారని పాపం నమ్మేది.

ఇంత జరిగినా, ఆవిడ నొప్పి అన్నప్పుడల్లా ఆయన చెయ్యని వెటకారం లేదు. "నీ కడుపుకి నాటకాలు నేర్పించారా ఏమిటి మీ ఇంట్లో?" అనేవాడు. భోజనాల దగ్గర చుట్టాలు కూర్చుంటే, "మా పంతులమ్మకి వడ్డించకండి, ఆవిడ కడుపు అలిగింది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన తన కంచంలోది కలిపి కలిపి, రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. గురివిందకి తన నలుపు తెలియదంటారు. ఈ గురివిందకి తెలుసు. తెలిసీ ఎదుటిదాని నలుపు లెక్కపెట్టింది. అంతకంటే నీచం ఇంకొకటి ఉంటే చెప్పమనండి.

కిందటేడు పంతులమ్మ పాఠం మధ్యలో బయటికి పరుగెత్తడం నెలకి నాలుగైదు సార్లయింది. హెడ్మాస్టరు పిలిచి, వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే తరగతి తీసేసి పుస్తకాల గదిలో కూర్చోబెడతానన్నాడు. సెలవు రోజున కూడా పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చునే మనిషికి ఆ మాట మామూలు మాట కాదు. ఆ వారమే ఆవిడ పెద్దాస్పత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ పాత స్కానులన్నీ తిరగేసి, "ఏమీ లేదు" అని పంపించకుండా, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది.

"పేగు గోడలో నరాల్ని పెంచి పోషించే ప్రొటీను ఒకటుంటుందమ్మా. పేగుకి దెబ్బ తగిలితే అది ఎక్కువ ఊరుతుంది, మానాక తగ్గుతుంది. కొందరిలో తగ్గదని మా అనుమానం. అప్పుడు సన్నటి నరాల పోగులు ఒత్తుగా మొలుస్తాయి, ఉన్న పోగులు చురుకెక్కుతాయి. మామూలుగా గాలి కదిలినా కత్తి దిగినట్టుంటుంది. మీరు ఎక్కువ చేసి చెప్పట్లేదు. మీ పేగే ఎక్కువ వింటోంది."

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. పంతులమ్మ అక్కడే ఏడ్చేసింది.

ఆ అనుమానం తేల్చడానికే ఆస్పత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. జబ్బు ఉన్న మనిషి ఒకరు, ఆ ఇంటి తిండే తిని ఆ నీళ్ళే తాగి కడుపులో ఏ బాధా లేని మనిషి ఒకరు, జంటగా కావాలి. ఇద్దరి కొలతలూ సరిగ్గా కుదిరితే జబ్బు ఉన్నవాళ్ళకి ఆర్నెల్లు డాక్టరమ్మ చేతి కింద వైద్యం. బయట దొరకని మందు. జంటలో ఒకరి కొలత చెడితే జంట మొత్తం పోతుంది. పంతులమ్మ చెల్లెలు ఆ ఇంట్లోనే పైగదిలో ఉంటుంది, రాళ్ళు తిన్నా అరిగించుకునే మనిషి. "నేనొస్తానక్కా" అని అప్పుడే చెప్పులేసుకుంది.

తాళంచెవి సారు అడ్డం పడ్డాడు.

"మొగుణ్ణి నేనుండగా మరదలెందుకు? నాకేదో లోపం ఉందనుకోరూ?"

"మీకీ ప్రొటీన్ల మీద నమ్మకం లేదన్నారుగా" అంది పంతులమ్మ.

"నమ్మకం లేదు. తింటే కండపట్టాల్సిన ప్రొటీను కడుపునొప్పి తెస్తుందిట. అది ఎంత బరువుంటుందో అడిగావా? నేనొచ్చి ఆరోగ్యం అంటే ఏమిటో మీ డాక్టరమ్మకి చూపిస్తాను పద."

కాగితం మీద ప్రశ్నలు పదహారు. నొప్పి ఉందా, ఉబ్బరం ఉందా, హడావిడిగా పరుగెత్తాల్సి వస్తుందా. పదహారింటికీ లేదు, లేదు, లేదు అని గుండ్రటి చేతిరాతతో రాసి సంతకం పెట్టాడు. ఒక్క ప్రశ్న దగ్గరా కలం ఆగలేదు.

కొలత తీసే రోజున వెనక ముడివేసే ఆస్పత్రి చొక్కా తొడిగి, పక్కకి తిప్పి పడుకోబెట్టారు. నర్సు మర్యాదగా వివరించింది.

"చిన్న బెలూన్ లోపల పెట్టి మెల్లగా గాలి ఎక్కిస్తామండి. నొప్పి మొదలవగానే ఈ బెల్లు నొక్కండి, ఆపేస్తాం. బాధ లేనివాళ్ళ కొలతలు ముందు తీసుకుంటాం. వాటిని పెట్టుకునే మిగతావాళ్ళవి చూస్తాం."

అక్కడే కొంప మునిగింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా పెట్టె మోసిన బుర్రకి ఆ మాట ఒక్కలాగే అర్థమైంది. అంటే ఇక్కడ తనే అసలు తూకంరాయి. తనని పెట్టి మిగతా పొట్టలన్నిటినీ తూస్తారు. తూకంరాయి కదలకూడదు. ఒక మామూలు మనిషి అయితే బెల్లు నొక్కి బయటపడేవాడు. ఈ పనిలో ముదిరినవాడికి మాత్రమే ఇలాంటి తెలివితక్కువతనం అబ్బుతుంది.

గాలి ఎక్కడం మొదలైన నిమిషానికే కడుపులో గునపం దిగింది. వేలు బెల్లు మీదే ఉంది. నొక్కలేదు. ఇంకొంచెం ఎక్కించారు. కళ్ళ ముందు గోడ మీది గడియారం రెండుగా కనిపించింది. దొంగకి తేలు కుట్టినట్టు, నోట్లోంచి గాలి కూడా రానివ్వకుండా పడుకున్నాడు. మిషను దాని ఆఖరి గీత దాకా వెళ్ళి ఆగిపోయింది. చివర్లో పేగు గోడ నుంచి బియ్యపు గింజలో సగమంత ముక్క గిల్లి తీశారు.

ఇంటికొచ్చి, మంచం మీద రెండు గంటలు ముడుచుకు పడుకుని, లేచి, తల దువ్వుకుని హాల్లోకి వచ్చాడు.

"మిషను ఓడిపోయింది" అన్నాడు. "నువ్వెంతకి నొక్కావు?"

"మూడో వంతుకి."

"అనుకున్నాను" అని నవ్వాడు. పంతులమ్మ తల దించుకుని నోటుపుస్తకాలు దిద్దుకుంది. తన నొప్పి నిజంగానే పిరికితనమేమో అని ఆ సాయంత్రం ఆవిడకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఆయన చేసిన పాపాల్లో దాన్ని పైన రాయాలి.

మూడు వారాల తరవాత డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించింది.

"సార్, మీ కొలత కుదరట్లేదు" అంది. "గాలి మూడో వంతుకి చేరకముందే మీ నాడి నూట ముప్ఫై దాటింది. చెమటకి దుప్పటి రెండుసార్లు మార్చానని నర్సు రాసుకుంది. మీరు మాత్రం బెల్లు నొక్కలేదు. ఏదో ఒకటి తప్పు చెబుతోంది."

"మీ మిషనే" అన్నాడు సారు తడుముకోకుండా. "గాలి ఒత్తిడి చూసే ఆ ముల్లుకి ఏటా ముద్ర వేయించాలి. వేయించారా?"

డాక్టరమ్మ సొరుగు తీసి కాగితం ఆయన ముందు పెట్టింది. ముద్ర ఉంది. కింద సంతకం ఆయనదే, ఎనిమిది నెలల కిందటిది. ఆస్పత్రిలో అంతస్తుకి ఆరు బాత్రూములు కనక, అక్కడికి ఏటా తప్పకుండా తనిఖీకి వచ్చేది ఆయనే. పంతులమ్మ ఆ సంతకాన్నీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఆ గిల్లిన ముక్కలేవీ, చూపించండి" అన్నాడు. ఓడిపోతున్నవాడికి గొంతు పెరుగుతుంది.

ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, డాక్టరమ్మ ఇద్దరి ముక్కలూ ఉన్న రెండు గాజుపలకలు తీసింది. నంబర్ల మీద కాగితం అంటించి ఉంది. లెక్కపెట్టేవాళ్ళకి ఎవరిదేదో తెలియకూడదని అక్కడి పద్ధతి. లోపల లేతనీలం నేల మీద గోధుమరంగు నరాల పోగులు, వాటి మీద లెక్క కోసం గీసిన గళ్ళు. గళ్ళు చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇది తన ఇలాకా. ఒక గడి తరవాత ఒక గడి, వేలితో బల్ల మీద తడుతూ లెక్కపెట్టాడు. మొదటిదానిలో పంతొమ్మిది. రెండోదానిలో నలభై మూడు. తిరిగి లెక్కపెట్టాడు. పంతొమ్మిది, నలభై మూడు.

"ఇదీ లెక్క. ఒక్కటి అటూ ఇటూ లేదు" అని వెనక్కి వాలాడు. "నలభై మూడు మా ఆవిడది. ఇన్ని పోగులుంటే మరి ఇల్లు పీకి పందిరెయ్యదా?"

డాక్టరమ్మ రెండో పలక మీది కాగితం ఒలిచింది. నంబరు ఆయన ఫైలు మీదిది.

ఇరవై తొమ్మిదేళ్ళలో తన చేత్తో చేసిన లెక్కని ఆయన ఎన్నడూ కాదనలేదు, కొట్లవాళ్ళని కాదననివ్వనూ లేదు. ఇప్పుడు మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగి మూడోసారి లెక్కపెట్టాడు, నలభై మూడే.

"ఈ లెక్క ఒక్కటే చూసి మీకు జబ్బుందని నేననను" అంది డాక్టరమ్మ. "ఇన్ని పోగులుండి హాయిగా తిరిగేవాళ్ళుండొచ్చు, అమ్మగారిలా తక్కువే ఉన్నా అవి చురుకెక్కి బాధపడేవాళ్ళూ ఉండొచ్చు. మీకు బాధ ఉందో లేదో మీరే చెప్పాలి. లేదంటారా, ఈ జంటని కొట్టేస్తాను. అమ్మగారి పేరు కూడా పోతుంది. ఉందంటే, ఎప్పట్నించి ఉందో రాసివ్వండి. మీ కొలత తీసేసి ఆవిడ చెల్లెల్ని జంటగా పెడతాను. పేర్లు మార్చడానికి ఇవాళే ఆఖరు రోజు."

తెల్లకాగితం, కలం ముందుకు జరిగాయి. అవతల ఏముందో ఆయనకి తెలుసు. పంతులమ్మ తరగతి ఉంది, లెక్కలు ఉన్నాయి, పుస్తకాల గది తాళం ఉంది. అయినా ఆ మనిషి గోడ గడియారం చూశాడు, కిటికీ చూశాడు, కలం మూత పెట్టాడు, తీశాడు. భార్య జీవనాధారం ఒక పక్క, తన వట్టి డాబు ఒక పక్క పెడితే, ఆ తక్కెడ ఆయన దగ్గర అంతసేపు ఊగింది. చివరికి రాశాడు. "నాకు కొంతకాలంగా, ఇంచుమించుగా, కడుపులో అప్పుడప్పుడు..."

పంతులమ్మ కాగితం తనవైపు తిప్పుకుని చదివింది. తప్పు లెక్క చేసిన పిల్లాడి పలక చూసినట్టు చూసి, తిరిగి ఆయనవైపు తిప్పింది.

"ఇంచుమించు అనేది కొలత కాదండీ" అంది. "ఎప్పట్నించో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి."

రాసింది కొట్టేసి, ఇరవై నాలుగేళ్ళు అని రాశాడు.

పంతులమ్మ మనసులో తీసివేత చేసుకుంది. లెక్కల మనిషికి అదెంతసేపు?

"నాకంటే మూడేళ్ళు సీనియర్ మీరు" అంది.

దారిలో ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంట్లో ఇద్దరూ మంచాన పడితే ఎలాగని, నీ ధైర్యం పోకూడదని, అందుకే దాచానని. ఇంత దిగజారాక కూడా గొప్ప మనసు వేషం కట్టాలని చూశాడు. పంతులమ్మ వినలేదు. ఆవిడ వేరే లెక్కలో ఉంది. రోజుకొక గంట, ఏడాదికి మూడొందల అరవై అయిదు, ఇరవై ఒక్క ఏళ్ళు. ఇంటి గుమ్మం చేరేసరికి జవాబు వచ్చినట్టుంది, ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఐదున్నరకి సారు వాకిట్లో పడ్డ పేపరు తీసుకుని, చంకలో పెట్టుకుని, బాత్రూము వైపు నడిచాడు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కడుపులో అప్పటికే మెలిక మొదలైంది. తట్టాడు. గోడకి చెయ్యి ఆనించి, ఒక కాలి మీద బరువు పెట్టి, కాసేపు ఆగి మళ్ళీ తట్టాడు.

"ఎంతసేపే?"

లోపల్నించి పంతులమ్మ గొంతు, తరగతిలో పాఠం చెప్పేటప్పటిలాగా నింపాదిగా వచ్చింది.

"పేపరు చదువుతున్నానండీ."

పేపరు ఆయన చంకలోనే ఉంది.